అయిదు గుండ్లు, ఆరు చిల్లులు

మా బావ నరసింహులు న్యాయమైన మనిషి అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. పేకాటలో ఆయన పక్కన కూర్చున్నవాడు ముక్కలు గుండెలకు హత్తుకుని కూర్చోవాలి. పొలం గట్టు తగాదాలకు పెద్దమనిషిగా పిలిస్తే, ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే తీర్పు జేబులో వేసుకుని పోయేవాడు. చుట్టమైతే చాలు, వాడు ఏం చేసినా ఒప్పే. అలాంటి మనిషి ఒకే ఒక్క చోట, గాలి తుపాకి పోటీల్లో టార్గెట్ కాగితం చేతికి వచ్చినప్పుడు మాత్రం, వేరే మనిషి అయిపోయేవాడు. ఆ కాగితం ముందు ఆయనకు చుట్టమూ లేడు, పక్కమూ లేడు. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. సొంత బామ్మర్దిని అయ్యుండి ఆయన చేతుల్లో కప్పు పోగొట్టుకున్నవాణ్ణి నేనే.

నా పేరు ఓబులేసు. అప్పట్లో నంద్యాలలో పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా అక్క రామేశ్వరమ్మను ఆళ్లగడ్డలో నరసింహులుకు ఇచ్చారు. నల్లరేగడి పొలం, మంచి ఎద్దులు, ఊరవతలికి వినిపించే గొంతు, ముక్కు మీద కోపం, ఇవన్నీ ఆయనకు వాళ్ల నాయన పుల్లయ్య దగ్గర నుంచి వచ్చిన ఆస్తి. పుల్లయ్య పోయి చాలా కాలమైనా, బావ ఏ మాట ఎత్తినా "మా నాయన ఉండింటే" అనే ఎత్తుకునేవాడు. మేము ఎదురు చెప్పడానికి వీల్లేకుండా పోయేది. లేని మనిషితో ఎవరు వాదిస్తారు?

1953లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, నంద్యాలలో కొంతమంది కలిసి ఎయిర్ రైఫిల్ క్లబ్బు పెట్టారు. పటాలం నుంచి తిరిగొచ్చిన ఒక పెద్దాయన తుపాకులు తెప్పించి, నిలబడటం, ఊపిరి బిగబట్టడం, గురి చూడటం మాకందరికీ నేర్పాడు. నంద్యాలలో ఉన్నది తమకు లేకపోవడమేమిటని మరుసటేడు ఆళ్లగడ్డ వాళ్లూ ఒకటి పెట్టారు. ఏటా కోతలయిపోయి రైతులకు చేతులు ఖాళీ అయినాక రెండు ఊళ్లకూ పోటీ జరిగేది. ఒక ఏడు మా ఊళ్లో, ఒక ఏడు వాళ్ల ఊళ్లో. కప్పు మాత్రం జట్టుకు కాదు, అందరికంటే బాగా కాల్చిన ఒక్కడికి.

బావ మొదట కాల్చడానికే క్లబ్బులో చేరాడు. టార్గెట్ తప్ప ఆయన గుండు తగలని వస్తువు లేదు. ఒకసారి పక్కవాడి కాగితం మీద నడిమధ్యన కొట్టి, "పది పదే గదప్పా, యాడ పడితే ఏంది" అని అరగంట వాదించాడు. ఆ తర్వాత ఆయన చేతికి తుపాకి ఇవ్వడం మానేశారు. మానేసినా ఆయన రావడం మానలేదు. ప్రతివాడి వెనకా నిలబడి, అది తప్పు, ఇది తప్పు అంటూ ఉండేవాడు.

ఈ పోటీల్లో అసలు గొడవ కాల్చేటప్పుడు రాదు, మార్కులు వేసేటప్పుడు వస్తుంది. కాగితం మధ్యలో నల్లచుక్క ఉంటుంది, దాని చుట్టూ ఒకదాని బయట ఒకటి గుండ్రటి గీతలు. నడిమధ్యన పడితే పది, బయటికి పోయేకొద్దీ ఒక్కొక్కటే తగ్గుతుంది. గుండు గీతను తాకితే పై మార్కు ఇవ్వాలి. తాకిందా లేదా అన్నది తేల్చడమే కష్టం. కాగితం శుభ్రంగా తెగదు, నలిగి చిరుగుతుంది. గుండు పోయినాక అంచులు మళ్లీ లోపలికి ముడుచుకుంటాయి. అందుకని కంటికి కనిపించే చిల్లు, పోయిన గుండు కంటే చిన్నదిగా ఉంటుంది. మార్కులు వేసేవాడు మనవాడైతే గోటితో చిల్లును కాస్త నొక్కి గీత దాకా తెచ్చేవాడు. పగవాడైతే ఆ గోరు కదిలేది కాదు. మొదటి ఏడు పోటీ ఈ గోటి దగ్గరే ఆగిపోయింది. కప్పు ఎవరిదో తేలకుండానే మేము బస్సెక్కి నంద్యాలకు వచ్చేశాం.

ఆ రోజు ఒక వింత జరిగింది. ఆళ్లగడ్డ జట్టుకు కొండయ్య అనే ఆయన పెద్ద. ఆయన కాగితం మీది ఒక చిల్లుకు వాళ్ల ఊరివాడే తొమ్మిది వేశాడు. వెనకనుంచి బావ గొంతు లేచింది. "అది తొమ్మిది కాదు కొండయ్యా, ఎనిమిదే. గోరు తీసేసి చూడు." సొంత ఊరి జట్టుకు అడ్డం పడిన మనిషి అని మా నంద్యాల వాళ్లు నోరు వెళ్లబెట్టారు. నేను మాత్రం వెళ్లబెట్టలేదు. అది న్యాయం కాదు, ఉత్త కడుపుమంట. తన చేతికి తుపాకి ఇవ్వనివాడికి తొమ్మిది పడటం బావ ఓర్వలేకపోయాడు, అంతే. కానీ మరుసటేడు పోటీ మళ్లీ పెట్టాలన్నప్పుడు, మా వాళ్లందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. మార్కులు ఆ నరసింహులు వేస్తేనే వస్తామన్నారు. కడుపుమంటతో అన్న మాటకు అంత గౌరవం దక్కేసరికి, బావ దాన్ని నిలబెట్టుకోవాల్సి వచ్చింది. నిలబెట్టుకున్నాడు కూడా.

నంద్యాలలో లేతు మిషను మీద సరిగ్గా గుండు మందాన ఒక ఇత్తడి పుల్ల తయారు చేయించాడు. చిల్లులో దాన్ని నిలువుగా దించితే, పోయిన గుండు ఎంత మేర ఆక్రమించిందో తెలిసిపోతుంది. ఒక్కసారే దించాలి. రెండోసారి దించితే చిల్లు పెద్దదవుతుంది కాబట్టి ఇంకెవ్వరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. కాగితాల మీద పేర్లు వద్దన్నాడు, వెనక నెంబరు వేస్తే చాలన్నాడు. రెండు జట్ల పెద్దలను బల్లకు అటొకరిని ఇటొకరిని కూర్చోబెట్టుకునేవాడు. మార్కు ఒక్కసారే చెప్పేవాడు. బతిమాలితే వినపడనట్టు ఉండేవాడు, బెదిరిస్తే నవ్వేవాడు. పని అయిపోయేదాకా ఎవరిచ్చినా కాఫీ ముట్టేవాడు కాదు. కాఫీ అంటే ప్రాణం పెట్టే మనిషి.

మా అక్క ఇదంతా చూసి ముక్కున వేలేసుకునేది. "కూరలో ఉప్పు లేదంటే తెలీదు, పిల్లోడు పరీక్ష తప్పితే తెలీదు. కాగితం మీద ఎంటికంత తేడా మాత్రం తెలుస్తాది మీ బావకు" అనేది. అంటూనే, పోటీకి పోయే రోజు ఆయన పంచె గంజి పెట్టి ఉతికి, మడత చెదరకుండా తెచ్చి ఇచ్చేది.

1957లో పోటీ ఆళ్లగడ్డలో. మార్కెట్టు వెనక ఖాళీ జాగా శుభ్రం చేసి, చుట్టూ కంప కంచె వేశారు. అంతకుముందు టార్గెట్ల వెనక పొట్టు మూటలు పెట్టేవాళ్లు. ఎలుకలు వాటిని కొట్టి పొట్టంతా కారిపోయేది. ఈసారి ఆ బెడద వద్దని బావ బేతంచెర్ల పోయి, నున్నగా పాలిష్ పట్టిన బండలు లారీలో వేయించుకొచ్చాడు. ఒక్కో లైనుకు ఒక్కో బండ. కాగితానికి జానెడు వెనక నిలబెట్టించాడు. గుండు సీసం కాబట్టి రాయికి తగిలి అణిగి కింద పడిపోతుంది అన్నాడు. వినడానికి బాగానే ఉంది, మేమూ సరే అన్నాం.

మా వైపు ఎవరైనా రాయి ఇచ్చారంటే దాని మీద పేరు చెక్కించాల్సిందే. గుడి మెట్టయినా, బావి గట్టయినా, బడి అరుగయినా, పేరు లేకపోతే ఇచ్చినట్టు లెక్కలోకి రాదు. బావ కూడా మధ్య లైను బండ మీద పైభాగాన వాళ్ల నాయన పుల్లయ్య జ్ఞాపకార్థం అని పెద్ద అక్షరాలు చెక్కించాడు. మిగతా బండలను కూలీలు ఎట్లా వాటంగా ఉంటే అట్లా పాతారు, అవి కొంచెం వెనక్కి వాలి ఉన్నాయి. పేరున్న బండను మాత్రం వాలనివ్వలేదు. మేస్త్రీని పిలిపించి, దారానికి రాయి కట్టి వేలాడదీయించి, వెంట్రుక వాసి కూడా తేడా లేకుండా నిట్టనిలువుగా నిలబెట్టించాడు. నాయన పేరు వంకరగా నిలబడకూడదు కదా.

మా నంద్యాల జట్టులో ఆ ఏడు దేవదానం ఉన్నాడు. మిషన్ బడిలో పంతులు. ఆళ్లగడ్డ పక్కనే క్రైస్తవుల పేట ఆయన సొంత చోటు. వాళ్ల నాయన జాన్ కూలికి పోయి, మూటలు మోసి కొడుకును టీచరు ట్రైనింగు దాకా చదివించాడు. దేవదానం చెయ్యి చూసి పటాలం పెద్దాయన క్లబ్బులోకి పిలిచాడు. ఎవరూ పైకి కాదనలేదు గాని, కాఫీ వచ్చినప్పుడు ఆయనకు గ్లాసు వేరుగా వచ్చేది. ఆయన ఆ గ్లాసు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. తుపాకి మాత్రం మా అందరికంటే నిదానంగా, మా అందరికంటే బాగా కాల్చేవాడు. నాకు ఆయనంటే ఇష్టమూ ఉండేది, కుళ్లూ ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నానికి కప్పు మా ఇద్దరి మధ్యకు వచ్చింది. చివరి కాగితం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి మార్కులూ సమానం. చీట్లు వేస్తే దేవదానానికి మధ్య లైను పడింది, నాకు దాని పక్కది. ఒక్కొక్కరికి ఒక డబ్బా మూతలో లెక్కపెట్టి అయిదు గుండ్లు ఇచ్చారు. కంచె అవతల జాన్ వచ్చి నిలబడ్డాడు. కొడుకు సొంత ఊళ్లో కాలుస్తుంటే చూద్దామని వచ్చాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆయనా రాలేదు.

కాల్చడం అయిపోయింది. కాగితాలు బల్ల మీదికి వచ్చాయి. నాది ముందు చూశాడు బావ. పుల్ల దించాడు, తీశాడు. "నలభై అయిదు" అన్నాడు. అది నాదని ఆయనకు తెలియదు, నాకు తెలుసు. తర్వాత కాగితం చేతిలోకి తీసుకుని, పుల్ల దించకుండా అట్లాగే ఉండిపోయాడు. వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"దీనికి ఆరు చిల్లులుండాయి. ఎవురిదిది?"

దేవదానం ముందుకు వచ్చాడు. "నాదయ్యా. నేను అయిదే కాల్చినా."

కొండయ్య బల్లకు ఆ పక్కనే కూర్చుని ఉన్నాడు. "అయిదు గుండ్లిస్తే ఆరు చిల్లులు యాడనుంచి వస్తాయప్పా? ఒకటి సరిగా పళ్లేదని జేబులోది ఇంగొకటి కాల్చినాడు. రెండూ ఒకే చోట పడతాయి, ఎవురికీ తెలీదులే అనుకున్యాడు" అన్నాడు.

పక్క లైను నుంచి దారితప్పి వచ్చిందేమోనని చూశారు. అన్ని కాగితాల్లోనూ అయిదేసి చిల్లులు సరిగ్గా ఉన్నాయి. దేవదానం జేబులు తిప్పి చూపించాడు, సుద్దముక్క తప్ప ఏమీ లేదు. "కాల్చేసినాక జేబులో ఏముంటాది" అని ఎవరో నవ్వారు. ఆ మనిషికి తల కొట్టేసినట్టయింది. కంచె వైపు ఒకసారి చూసి, చూపు దించుకున్నాడు.

చిల్లులు ఎక్కువైతే అన్నిటికంటే మంచి చిల్లును కొట్టేయాలని నియమం. అట్లా కొట్టేస్తే దేవదానానికి నలభై మూడు, కప్పు నాది. ఇందులో ఎవరికీ నష్టం లేదు. నంద్యాల వాళ్లకు కప్పు నంద్యాలకే వస్తుంది. ఆళ్లగడ్డ వాళ్లకు తమ ఊరికి పిల్లనిచ్చిన ఇంటికే పోతుంది. అదే ఆరో చిల్లు నా కాగితం మీద ఉండి ఉంటే, ఏదో పొరపాటులే అని కొండయ్యే సర్దేసేవాడు. దేవదానం కాగితం మీద ఉంది కాబట్టి దొంగతనం అయింది. క్లబ్బులోంచి తీసేయాలని అప్పటికే రెండు మూడు గొంతులు లేచాయి. మార్కులు పోతే పోతాయి, వచ్చే ఏడు తెచ్చుకోవచ్చు. రెండు ఊళ్ల ముందు దొంగ అనిపించుకున్న పంతులు రేపు పిల్లల ముందు ఏ ముఖంతో నిలబడతాడు? ఇదంతా నాకు తెలుస్తూనే ఉంది. అయినా కప్పు వద్దని మాత్రం నా మనసు అనలేదు.

బావ ఎవరి మాటా విన్నట్టు లేడు. ఇత్తడి పుల్ల పక్కన పెట్టేశాడు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని, ముందొకసారి వెనకొకసారి వేలితో తడిమాడు. కళ్లెందుకు మూసుకున్నావు బావా అని తర్వాత అడిగాను. "తెరిస్తే మీ మొగాలు కనపడతాండాయి" అన్నాడు.

"ఇదిగో, ఈ అయిదింటికీ అంచులు వెనక్కి ఒరిగినాయి" అన్నాడు కళ్లు తెరిచి. "ఇది ఒకటి ముందరికి ఒరిగింది. ఇది ముందునుంచి పోయిన గుండు కాదప్పా. వెనకనుంచి వచ్చింది."

కొండయ్య పకపకా నవ్వాడు. "వెనక ఎవురుండారు కాల్చేకి? మీ నాయన ఉండాడు, రాయి మింద."

అందరూ నవ్వారు. ఇంకో రోజయితే ఆ మాటకు బావ కొండయ్య చొక్కా పట్టుకునేవాడు. ఆ రోజు మాత్రం లేచి, పంచె ఎగ్గట్టి, టార్గెట్ల దాకా నడిచిపోయాడు. మధ్య లైను బండ ముందు చాలాసేపు నిలబడ్డాడు. వంగి, బండ మీద సీసం అంటిన బూడిదరంగు మచ్చలను వేలితో రుద్దాడు. పక్క బండను చూశాడు, మళ్లీ తన బండను చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నడక మారింది. ఆ గొంతు అంత తగ్గి నేనెప్పుడూ వినలేదు.

"ఓబులేసూ, తుపాకి తీసుకో. మధ్య లైనులో కొత్త కాగితం పెట్టిస్తాండా. నడిమధ్యన కొట్టు."

"మీ బామ్మర్ది కాలిస్తే మేమెట్ల నమ్మాల?" అన్నాడు కొండయ్య.

"వాడు కాలిస్తేనే నమ్మాల. తప్పు రాయిదని తేలితే కప్పు పోయేది వానికే."

అప్పుడు గాని నాకు సంగతి పూర్తిగా అర్థం కాలేదు. నిలువు బండకు సూటిగా తగిలిన గుండు అణగకపోతే, వచ్చిన దారినే వెనక్కి దూకుతుంది. మిగతా బండలు వాలి ఉన్నాయి కాబట్టి వాటికి తగిలినవి పైకో పక్కకో ఎగిరిపోతాయి. బావ అనుమానం అది. నేను కాగితం అంచుకు కొడితే చాలు, తిరిగొచ్చేది కాగితానికి తగలకుండా పోతుంది, కప్పు నాది. ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. తుపాకి భుజానికి ఆనించుకున్నప్పుడు ఈ ఆలోచన నా చేతిలోకి కూడా వచ్చింది. కానీ అంత జనం ముందు కావాలని తప్పు కొట్టడం నాకు చేతకాలేదు. ధర్మం కోసమని గొప్పలు చెప్పుకోను. నా గురి మీద నాకు ఉన్న పొగరు నన్ను కాపాడింది.

మొదటి గుండు నడిమధ్యన పడింది. బావ పోయి చూశాడు, ఒకటే చిల్లు. కాగితం మార్చి రెండోది, మళ్లీ మార్చి మూడోది కొట్టినా అంతే. జనం గొణగడం మొదలుపెట్టారు. నంద్యాల బస్సుకు టైమవుతోందని మా వాళ్లు కూడా విసుక్కున్నారు.

"ఇట్ల ఎంతసేపు కాలుస్తాం నరసింహులూ?" అన్నాడు కొండయ్య.

"వచ్చేదాకా" అన్నాడు బావ.

దేవదానం నా పక్కనే నిలబడి ఉన్నాడు. కాలుస్తున్నది నేనే అయినా ఊపిరి బిగబట్టింది ఆయనే. ఎన్ని గుండ్లు కాల్చానో నేను లెక్కపెట్టలేదు, కొండయ్య పెడుతూనే ఉన్నాడు. నా భుజం పట్టేసింది. ఇంక చాలని చెబుదామని అనుకుంటూ ఇంకోటి కాల్చాను. కాగితం మామూలుగా ఒకసారి అదిరింది. ఆ వెంటనే మా వైపుకు ఉబ్బింది.

బావ పరిగెత్తలేదు, నిదానంగానే పోయాడు. కాగితం ఊడదీసి, బల్ల దగ్గరికి తెచ్చి, కొండయ్య ముందు పెట్టాడు. ఒక్క గుండుకు రెండు చిల్లులున్నాయి.

"చూడొద్దు. తడుము" అన్నాడు.

కొండయ్య తడిమాడు. తర్వాత దేవదానం కాగితం కూడా తీసుకుని తడిమాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కాగితాలు రెండూ చేయి మారి చేయి పోయాయి. ప్రతివాడూ కళ్లు మూసుకుని వేలు పెట్టి చూసినవాడే.

"అయితే రాయిదే తప్పంటావు" అన్నాడు కొండయ్య చివరికి.

"రాయి ఏం చేస్తాది పాపం. దాన్ని దారం పట్టించి నిలువుగా పెట్టిచ్చింది నేను. మా నాయన పేరు వంకర పోగూడదని పెట్టిచ్చినా. మా నాయన ఉండింటే, ఆ మాస్టరు పేరు అట్ల పాడు చేస్తివే అని నన్ను తన్నింటాడు." అని, గడ్డపార తెమ్మన్నాడు. అందరూ చూస్తుండగానే ఆ బండను పెరికించి పక్కన పడుకోబెట్టించాడు. మరుసటేటి నుంచి ఇసుక మూటలే పెట్టారు. ఆ తర్వాత కూడా, 1960లో నేను ఆఖరిసారి కాల్చేదాకా, రెండు ఊళ్లకూ మార్కులు ఆయనే వేశాడు. పేకాటలో మాత్రం చివరిదాకా మారలేదు.

బండ పక్కకు పోయినాక బావ మళ్లీ కూర్చున్నాడు. దేవదానం కాగితం తీసుకుని, అయిదు చిల్లుల్లో ఒక్కొక్క దాంట్లో ఒక్కసారి పుల్ల దించాడు. పది, పది, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది. "నలభై ఆరు" అన్నాడు. కొంతమంది చప్పట్లు కొట్టారు. ఎక్కువమంది అప్పటికే లేచి సామాను సర్దుకుంటున్నారు. ఎవరి గోల వాళ్లది. దొంగ అన్నప్పుడు చెవులు రిక్కించి విన్నవాళ్లు, నలభై ఆరు అన్నప్పుడు బస్సు వైపు చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. కప్పు పోయినందుకు సగం, ఇందుకు సగం.

కప్పు ఇవ్వబోతే దేవదానం చెయ్యి చాపలేదు. "అయ్యా, ఒక మాట. మా నాయన ఆ కంచెకాడ నిలబడినాడు. నన్ను దొంగ అన్నింది ఆడిదాకా వినపడింది. ఇది వినపళ్లేదు" అన్నాడు.

బావ ఆయన వైపు చూశాడు. కప్పు బల్ల మీదే పెట్టేసి, కాగితం చేతిలో పట్టుకుని కంచె దాకా నడిచాడు. వెనక నేనూ, దేవదానమూ పోయాం. జాన్ భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"జానన్నా" అన్నాడు బావ.

నేను తల తిప్పి చూశాను. జాన్ బావ కంటే వయసులో చాలా పెద్దవాడు, బావ పొలంలోకి ఏళ్ల తరబడి కూలికి వచ్చినవాడు. అయినా పేరు పెట్టి రా, పో అనడమే గాని, అన్నా అని పిలవడం నేనెన్నడూ వినలేదు.

"జానన్నా, నీ కొడుకు అయిదే కాల్చినాడు. ఆరోది నా రాయి కొట్టింది. నీ కొడుకు తప్పేం లేదు. గెలిచినాడు."

జాన్ కొడుకును చూశాడు. తర్వాత బావను చూశాడు. "అయిదే కాల్చింటాడని నాకు తెల్సు సామీ" అన్నాడు. "నాకు చెప్పేకి ఇంత దూరం నడిసొస్తివి. తెలియాల్సింది ఆ పక్కోళ్లకు."

బావ జనం వైపు తిరిగి, కాగితం తలమీదికి ఎత్తి, వాళ్ల నాయన దగ్గర నుంచి వచ్చిన గొంతంతా విప్పాడు. సామాను సర్దుకునేవాళ్లు ఆగిపోయారు. మార్కెట్టులో మూటలు దించే హమాలీలు కూడా ఇటు తిరిగారు.

"అందరూ వినండప్పా. మొదట వచ్చినోడు దేవదానం మాస్టరు, నలభై ఆరు. రెండోవాడు నా బామ్మర్ది ఓబులేసు, నలభై అయిదు. మాస్టరు కాల్చింది అయిదు, పడింది అయిదు. కాదనేవాడు వచ్చి ఈ కాగితం తడమండి."

ఎవరూ రాలేదు. ఓడిపోయిన నా పేరు అంత దూరం వినపడాల్సిన పని లేదు గాని, ఆ క్షణాన నాకు కోపం రాలేదు, కళ్లల్లో నీళ్లు వచ్చాయి. జాన్ వంగి, చేత్తోనే కంప పక్కకు జరిపి, ఎవరి పిలుపు కోసమూ ఆగకుండా లోపలికి వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు.